ఐసీయూ గాలి, ఐసీయూ కరెంటు: ఆసుపత్రి భవనంలో భద్రతకూ పొదుపుకూ లెక్క ఎక్కడ కుదరాలి

2021 జనవరి 9న తెల్లవారకముందే మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో మంటలు లేచి పదిమంది పసికందులు చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 23న ముంబయి పక్కన విరార్‌లో ఓ ఆసుపత్రి ఐసీయూ కాలిపోయింది. అంతకుముందు 2020 ఆగస్టు 6న అహ్మదాబాద్‌లో ఐసీయూ మంటలకు ఎనిమిదిమంది బలయ్యారు. 2024 నవంబర్ 15 రాత్రి ఝాన్సీ మెడికల్ కాలేజీలో మళ్లీ పసిపిల్లల వార్డే. ఇలాంటి ప్రతి ఘోరం తర్వాతా వినిపించే మాట షార్ట్ సర్క్యూట్. ఇళ్లలోనూ దుకాణాల్లోనూ వైర్లు కాలుతూనే ఉంటాయి. అక్కడ కాస్త పొగ వచ్చి ఆరిపోయే నిప్పు ఐసీయూలో నిమిషాల్లో గదంతా ఎందుకు అంటుకుంటోంది అన్నది అసలు ప్రశ్న.

జవాబు సగం గాలిలో ఉంది, సగం వైరింగులో ఉంది. కరెంటు బిల్లులో పెద్ద వాటా కూడా ఆ గాలిని చల్లబరచడానికే పోతుంది. అందుకే ఆసుపత్రి భవనం విషయంలో భద్రతను ఒక ఫైలుగా, విద్యుత్ పొదుపును ఇంకో ఫైలుగా నడిపితే రెండూ చెడతాయి. చాలాచోట్ల ఈ రెండూ ఒకే పనితో బాగుపడతాయి. నిజంగా ఎదురుబొదురుగా నిలబడేది ఒక్క చోటే: బయటి గాలి దగ్గర. ముందు దాని సంగతి చూడాలి.

స్ప్లిట్ ఏసీ గాలిని మార్చదు

స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరచి, మళ్లీ అదే గదిలోకి వదులుతుంది. బయటి గాలి ఒక్క లీటరు కూడా తీసుకోదు. యాభై, వంద పడకల ఆసుపత్రులు చాలావాటిలో ఐసీయూ అంటే కిటికీలు బిగించి నాలుగైదు స్ప్లిట్ ఏసీలు పెట్టిన హాలే. చల్లగా ఉంటుంది కాబట్టి గాలి బాగుందనిపిస్తుంది.

పది పడకల హాలు తీసుకుందాం. 15 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, అంటే 360 ఘనపు మీటర్లు. అందులో ఐదుగురు రోగులకు ముక్కు గొట్టం ద్వారా నిమిషానికి 60 లీటర్ల చొప్పున స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తున్నారనుకుందాం. కోవిడ్ రోజుల్లో ఇది అసాధారణమేమీ కాదు. గంటకు 18 ఘనపు మీటర్లు. రోగి ఒంట్లోకి పోయేది అందులో చాలా కొంచెం, మిగతాదంతా గదిలోకే వస్తుంది. తలుపు సందుల నుంచి గంటకు 108 ఘనపు మీటర్ల బయటి గాలి మాత్రమే చొరబడితే, ఆ గదిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి పెరుగుతూ పోయి చివరికి 32 శాతం దగ్గర నిలుస్తుంది. మూడు గంటల్లోనే 28 శాతానికి చేరుతుంది. గాలిలో ఆక్సిజన్ 23.5 శాతం దాటితే దాన్ని ప్రమాదకర వాతావరణంగా లెక్కేస్తారు. ఆ గాలిలో దుప్పటి, దూది, పరుపు రెక్సిన్, కర్టెన్, పీవీసీ ఫాల్స్ సీలింగ్ మామూలుకన్నా తేలిగ్గా అంటుకుని, మామూలుకన్నా చాలా వేగంగా కాలుతాయి. రోగి బట్టల్లో, జుట్టులో కూడా ఆక్సిజన్ నిండి ఉంటుంది.

అదే హాలుకు గంటకు రెండుసార్లు గది నిండా కొత్త గాలి వచ్చేలా, అంటే 720 ఘనపు మీటర్లు పంపితే, ఆక్సిజన్ 22.8 శాతం దగ్గరే ఆగుతుంది. హద్దు లోపలే ఉంటుంది, కానీ అంచున. పదిమందికీ అంత ధారగా ఇవ్వాల్సి వస్తే ఆ గాలి కూడా చాలదు, లెక్క 24.7కు పోతుంది. అప్పుడు గంటకు ఆరుసార్లు పంపాలి. కాబట్టి ఎక్కువ ఆక్సిజన్ వాడే వార్డులో బయటి గాలి ఫ్యాన్‌కు రెండు స్పీడులు ఉండాలి, గోడకు ఆక్సిజన్ శాతం చూపే మీటరు ఉండాలి. 23 దాటగానే మోగే అలారం పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

మరి ఖర్చు ఎక్కడ? ఆ 720 ఘనపు మీటర్ల గాలిని చల్లబరచడంలో. జూలైలో విజయవాడ గాలి 33 డిగ్రీలు, 70 శాతం తేమతో ఉందనుకుంటే, దాన్ని 24 డిగ్రీలు, 55 శాతం తేమకు తేవడానికి సుమారు 9 కిలోవాట్ల చల్లదనం, రెండున్నర టన్నులకు కాస్త పైన కావాలి. కరెంటు లెక్కలో సుమారు 3 కిలోవాట్లు. రోజంతా అంతే తేమ ఉన్నా పడకకు రోజుకు ఏడు యూనిట్లు. ఈ ఏడు యూనిట్లు మిగుల్చుకోవడానికే బయటి గాలి ఏర్పాటును డిజైన్ దశలోనే కొట్టేస్తున్నారు. అందులోనూ సగానికి పైగా వెనక్కి రాబట్టే మార్గముంది. బయటకు పోయే చల్లని గాలినీ, లోపలికి వచ్చే వేడి గాలినీ పలుచని పలకల మీదుగా ఎదురెదురు పంపితే, రెండూ కలవకుండానే చల్లదనం, కొంత పొడిదనం మారుతాయి. ఇదే పని తిరిగే చక్రంతో చేసే రకం కూడా ఉంది, కానీ ఐసీయూకు ఈ పలకల రకమే మేలు. చక్రం తిరిగేటప్పుడు వాడిన గాలి కొద్దిగా కొత్త గాలిలోకి జారుతుంది.

ఎంసీబీ పట్టుకోలేని నిప్పు

ఇప్పుడు వైరింగు. ఎంసీబీ ఉంది కదా, ఏదైనా అయితే పడిపోతుందిలే అన్న నమ్మకం చాలా ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. ఎంసీబీ చూసేది కరెంటు పెరిగిందా లేదా అన్నదే. వదులైన స్క్రూ దగ్గర కరెంటు పెరగదు. ఒకటిన్నర టన్ను ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. పాయింటు మీద ఇంకో యంత్రం కలిసి పది ఆంపియర్లు అయిందనుకుందాం. వదులైన టెర్మినల్ దగ్గర అర ఓమ్ నిరోధం ఉంటే అక్కడ పుట్టే వేడి 50 వాట్లు. గోరంత చోట 50 వాట్లంటే సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. వోల్టేజీ ఐదు వోల్టులే తగ్గుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఎంసీబీ నిశ్చింతగా కూర్చుంటుంది. ప్లాస్టిక్ మెత్తబడి, నల్లబడి, చివరికి అంటుకుంటుంది. ఇళ్లలో ఏసీ రాత్రి ఆరేడు గంటలు తిరిగి చల్లారుతుంది. ఐసీయూలో ఏడాది పొడవునా ఆగదు, ఆ స్క్రూకు చల్లారే వేళే ఉండదు.

దీనికి మందు రెండు పనులు. మూడు నెలలకోసారి, లోడు బాగా ఉన్న వేళలో వేడిని చూపే థర్మల్ కెమెరాతో ప్రతి డీబీ (కరెంటు పంచే పెట్టె), ప్రతి ఏసీ పాయింటు, ప్రతి యూపీఎస్ టెర్మినల్ చూడాలి. లోడు లేనప్పుడు తీసిన ఫొటో వల్ల ఏమీ తెలియదు. పక్కపక్కనే ఒకే లోడు మోస్తున్న మూడు ఫేజుల్లో ఒకటి మిగతా వాటికన్నా పదిహేను డిగ్రీలు వేడిగా ఉంటే ఆ వారమే సరిచేయాలి. రెండో పని, ఏడాదికోసారి కరెంటు ఆపి టార్క్ రెంచితో స్క్రూలన్నీ తయారీదారు చెప్పిన బిగింపుకు తేవాలి. చేతి అంచనాతో బిగిస్తే కొన్ని వదులు, కొన్ని తెగేదాకా పోతాయి. అల్యూమినియం కేబుల్‌ను రాగి బస్‌బార్‌కు (కరెంటు పంచే పట్టీకి) నేరుగా బిగించిన చోట్లు ముందుగా చూడాలి.

న్యూట్రల్ వైరు గురించి తక్కువమందికి తెలుసు. యూపీఎస్, ఎల్‌ఈడీ లైట్లు, మానిటర్లు, మోటార్ల స్పీడు మార్చే డ్రైవ్‌లు కరెంటును ముక్కలు ముక్కలుగా తీసుకుంటాయి. ఆ ముక్కలు మూడు ఫేజుల నుంచీ న్యూట్రల్‌లోకి వచ్చి కొట్టేసుకోకుండా కలిసిపోతాయి. పాతకాలపు లెక్కతో న్యూట్రల్‌ను ఫేజు వైరులో సగం సైజు వేసిన భవనాల్లో అది కాలి తెగుతుంది. తెగిన క్షణంలో కొన్ని పడకల దగ్గర వోల్టేజీ 230 నుంచి 400 వైపు ఎగబాకి వెంటిలేటర్లు, మానిటర్లు ఒకేసారి పాడవుతాయి. కొత్తగా యంత్రాలు తెచ్చిన ప్రతిసారీ న్యూట్రల్‌లో ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో క్లాంప్ మీటరుతో కొలిచి రాసుకుంటే చాలు. ఐదు నిమిషాల పని.

ఆపరేషన్ థియేటర్‌లోనూ ఐసీయూ పడకల దగ్గరా ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా, అంటే ఎర్త్‌తో సంబంధం లేకుండా వేరు చేసి, కరెంటు ఇవ్వాలి. అక్కడ మొదటి లీకేజీకి సరఫరా ఆగదు, అలారం మాత్రం మోగుతుంది. ఇన్సులేషన్ 50 కిలోఓమ్‌లకు పడితే మోగాలి. ఆపరేషన్ మధ్యలో కరెంటు పోకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. శబ్దం ఇబ్బందిగా ఉందని అలారాన్ని నొక్కేసి వదిలేస్తే రెండో లీకేజీ వచ్చినప్పుడు మిగిలిన రక్షణ ఏమీ ఉండదు. అలారం మోగిన రోజే ఒక్కో యంత్రం ప్లగ్గు తీసి చూస్తే ఏది పాడైందో దొరికిపోతుంది.

ఆపరేషన్ థియేటర్ (ఓటీ): ఒక్క గది కోసం చిల్లర్ మొత్తం

ఆపరేషన్ థియేటర్‌కు ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే బోర్డు) చెప్పే లెక్కలు అందరికీ తెలిసినవే: గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలి, అందులో 4 సార్లు బయటి గాలి, ఉష్ణోగ్రత 21 డిగ్రీలకు మూడు అటూ ఇటూ, తేమ 20 నుంచి 60 శాతం, పక్క గది కన్నా 2.5 పాస్కల్ ఎక్కువ ఒత్తిడి. ఈ 2.5 పాస్కల్ ఎంత చిన్నదో ఊహించుకోవాలి. పావు మిల్లీమీటరు నీటి ఎత్తు. తలుపు ఓరగా తెరిచి ఉంచితే చాలు, లేదంటే కేబుల్ కోసం గోడకు కొట్టిన రంధ్రం పూడ్చకపోతే చాలు, ఆ ఒత్తిడి పోతుంది.

6 మీటర్ల చదరపు గది, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఓటీకి గంటకు 2160 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఐదు వంతుల్లో నాలుగు తిరిగి తెచ్చుకుని ఒక వంతే బయటి నుంచి తీసుకుంటే, మన కోస్తా తేమలో ఆ బయటి గాలికి సుమారు 2.2 టన్నుల చల్లదనం పడుతుంది. మొత్తం బయటి గాలే వాడితే 11 టన్నులు. సాధారణ ఓటీలకు నూరు శాతం బయటి గాలి పెట్టడం వృథా. సన్నటి దుమ్మునూ క్రిములనూ పట్టే హెపా ఫిల్టరు దాటి తిరిగొచ్చే గాలి బయటి గాలి కన్నా శుభ్రంగానే ఉంటుంది.

ఉష్ణోగ్రత పేచీ ఇంకా ఖరీదైనది. 21 డిగ్రీలు, 55 శాతం తేమ కావాలంటే గాలిని చల్లని నీరు పారే కాయిల్ దగ్గర పదకొండున్నర డిగ్రీల దాకా చల్లార్చి నీరు కార్చాలి. ఎముకల సర్జను, గుండె సర్జను 18 డిగ్రీలు అడుగుతారు. రెండు పొరల గౌనూ సీసపు కోటూ వేసుకుని లైట్ల కింద నాలుగు గంటలు నిలబడేవారు అడగడంలో తప్పేమీ లేదు. కానీ 18 డిగ్రీల దగ్గర తేమ 60 దాటకుండా ఉంచాలంటే కాయిల్ పది డిగ్రీలకు దిగాలి. అందుకోసం ప్లాంటు ఆపరేటరు, భవనమంతటికీ చల్లని నీరు పంపే చిల్లర్‌లో నీటిని 7 నుంచి 5 డిగ్రీలకు దించుతాడు. ఒక్కో డిగ్రీకి కంప్రెసర్ కరెంటు రెండు మూడు శాతం పెరుగుతుంది. ఒక్క గది కోసం ఆసుపత్రి మొత్తం ఆ భారం మోస్తుంది. ఆ ఒక్క ఓటీ గాలి యంత్రంలో చిన్న ప్రత్యేక కంప్రెసర్ కాయిల్ అదనంగా పెడితే చిల్లర్ నీటిని మిగతా భవనానికి 8, 9 డిగ్రీల దగ్గర నడపవచ్చు. అది పెట్టకుండా ఉష్ణోగ్రత మాత్రం దించేస్తే తేమ 70 దాటి, గ్రిల్ అంచుల్లో నీటిబొట్లు, ఆ తర్వాత నల్లటి బూజు. బూజు కనిపించాక ఫ్యూమిగేషన్ (క్రిములను చంపే మందు పొగ పట్టడం) ఎంత చేసినా వారంలో తిరిగి వస్తుంది. దాని వేరు గాలి యంత్రంలో ఉంది.

రాత్రి ఓటీ ఖాళీగా ఉన్నప్పుడు ఏహెచ్‌యూ (గాలి యంత్రం) ఆపేయడం పొదుపులా కనిపించే పొరపాటు. ఆపగానే గది ఒత్తిడి పోతుంది, కారిడార్ గాలి లోపలికి వస్తుంది, తడి కాయిల్ వెచ్చబడి బూజుకు పరుపవుతుంది. ఆపకుండా స్పీడు తగ్గించాలి. ఫ్యాను స్పీడు సగమైతే గాలి సగమవుతుంది, కరెంటు లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకు పడుతుంది. వారానికి ఆరు రోజులు, రోజుకు పది గంటలు వాడే ఓటీ 168 గంటల్లో 108 గంటలు ఖాళీయే. పై గదికి ఫ్యాను 1.2 కిలోవాట్లు తీసుకుంటే వారమంతా పూర్తి స్పీడులో 200 యూనిట్లు, ఖాళీ వేళ సగం స్పీడులో నడిపితే, డ్రైవ్ నష్టాలు కలుపుకున్నా, నూరు. చిల్లర్ మీద మిగిలేది దీనికి అదనం. ఒక్క షరతు: బయటకు లాగే ఎగ్జాస్ట్ ఫ్యానును కూడా అదే పాళ్లలో తగ్గించాలి. దాన్ని మరిచిపోతే గది గాలిని పీల్చుకునే వైపుకు తిరుగుతుంది, రాత్రంతా మురికి గాలి ఓటీలోకి ప్రవహిస్తుంది.

ఏహెచ్‌యూ దగ్గర చూడాల్సిన చిన్న విషయం నీటి కాలువ గొట్టం. ఫ్యానుకు ముందువైపు కాయిల్ ఉంటే అక్కడ గాలి పీల్పు 750 పాస్కల్ దాకా ఉండొచ్చు, అంటే 75 మిల్లీమీటర్ల నీరు. యూ ఆకారపు గొట్టంలో నీటి మట్టం అంతకన్నా లోతుగా, కనీసం వంద మిల్లీమీటర్లు లేకపోతే ట్రే నీరు బయటకు పోదు, పైగా డ్రైనేజీ గాలిని యంత్రం లోపలికి లాగుతుంది. ఎంత ఖరీదైన ఫిల్టరు పెట్టినా ఈ అర మీటరు గొట్టం తప్పుగా ఉంటే తడి ఆరదు. ఇక ఫిల్టర్ల విషయం: ప్రీ ఫిల్టరు కడగొచ్చు, హెపాను కడిగితే అది పనికిరాదు. కొత్తగా సుమారు 250 పాస్కల్ చూపే హెపా 500 చూపినప్పుడు మార్చాలి. మార్చాక అంచుల్లో లీకు లేదని పరీక్ష చేయించకుండా ఓటీ అప్పగించుకోకూడదు.

పొగ, తలుపులు, ఆక్సిజన్ వాల్వు

2011 డిసెంబర్ 9న కోల్‌కతా ఢాకురియాలోని ఏఎంఆర్‌ఐ ఆసుపత్రి బేస్‌మెంట్‌లో పుట్టిన మంట పై అంతస్తులకు రానేలేదు. పొగ వచ్చింది. దాదాపు తొంభై మంది చనిపోయారు, ఎక్కువమంది పడకల మీదే, ఊపిరాడక. వాహనాలు నిలపాల్సిన బేస్‌మెంట్‌లో మండే సామాను, తెరవడానికి వీల్లేని అద్దాల గోడలు, పొగను మోసిన ఏసీ డక్టులు కలిసి చేసిన పని అది. ఏసీ ఖర్చు తగ్గుతుందని భవనాన్ని అద్దాలతో మూసేవారు ప్రతి అంతస్తులో తెరుచుకునే పలకలు కొన్ని వదలాలి.

మంట వస్తే డక్టును మూసేలా పెట్టే ఫైర్ డ్యాంపర్లలో పాత రకానికి 72 డిగ్రీలకు కరిగే లింకు ఉంటుంది. పొగ అంతకన్నా చల్లగానే ఉండగా దాటిపోతుంది. గాలి తిరిగొచ్చే రిటర్న్ డక్టులో పొగ డిటెక్టరు, దానితో మూసుకునే మోటారు డ్యాంపరు, అదే సిగ్నలుతో ఆగే ఏహెచ్‌యూ, ఈ మూడూ కలిసి పనిచేయాలి. డ్యాంపరు దగ్గర చెయ్యి దూరే తలుపు ఫాల్స్ సీలింగులో లేకపోతే అది బిగించిన రోజు తర్వాత ఎవరూ చూడరు.

వెంటిలేటరు మీద ఉన్న రోగిని కదపడానికి ముగ్గురు నలుగురు కావాలి: చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగు నొక్కే మనిషి, మంచం తోసేవారు, లైన్లు, మందుల పంపులు పట్టుకునేవారు. రాత్రి షిఫ్టులో పది పడకలకు అంతమంది ఉండరు. మెట్ల మీదుగా కిందికి దింపడం కాగితం మీద మాటే. అదే అంతస్తులో, రెండు గంటలు నిప్పు ఆపే గోడకు అవతలి భాగంలోకి మంచాన్ని తోసేయడమే సాధ్యమైన పని. అందుకు ఆ తలుపు మంచం పట్టేంత వెడల్పుండాలి, అవతల ఆక్సిజన్ పాయింట్లుండాలి, 2.4 మీటర్ల కారిడార్‌లో బీరువాలు, స్ట్రెచర్లు, ఖాళీ సిలిండర్లు ఉండకూడదు. రాకపోకలకు అడ్డమని ఆ తలుపును ఇటుక పెట్టి తెరిచి ఉంచుతారు. తిట్టి లాభం లేదు, రోజుకు వందసార్లు తోయాల్సిన తలుపు అది. అయస్కాంతంతో తెరిచి ఉంచి, ఫైర్ అలారం రాగానే వదిలేసే అమరిక పెడితే ఇటుక అవసరమే రాదు.

మంట లేస్తే ఆ వార్డుకు ఆక్సిజన్ ఆపాల్సిన వాల్వు తలుపు బయట, చేతికందే ఎత్తులో ఉండాలి. ఎవరు ఆపాలో పేరుతో కాకుండా డ్యూటీతో రాసి ఉండాలి. ఆపే ముందు రోగులకు అందించే చిన్న సిలిండర్లు వార్డులోనే సిద్ధంగా ఉండాలి. 1.5 ఘనపు మీటర్ల సిలిండరు నిమిషానికి పది లీటర్ల చొప్పున రెండున్నర గంటలు వస్తుంది.

ఆక్సిజన్ ఆగిపోవడం కూడా నిప్పంత ప్రమాదమే. 2021 ఏప్రిల్ 21న నాసిక్‌లో ట్యాంకు లీకై సరఫరా ఆగింది, మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు ఆలస్యమై ప్రెషరు పడిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే నాసిక్‌లో ఇరవైమందికి పైగా, తిరుపతిలో 11 మంది చనిపోయారు. ప్రధాన ట్యాంకు, దానికి బదులు నిలిచే రెండో వనరు, ఆ రెండూ పోతే నిలిచే సిలిండర్ల మానిఫోల్డు (ఒకే గొట్టానికి కలిపిన సిలిండర్ల వరుస), మూడూ వేర్వేరు గొట్టాలతో కలవాలి. మానిఫోల్డు ఎన్ని గంటలు ఆగుతుందో ముందే లెక్కేసుకోవాలి. పెద్ద సిలిండరులో 7 ఘనపు మీటర్లుంటాయి. పై లెక్కలోని ఐదుగురు రోగులకే పది సిలిండర్లు నాలుగు గంటలు కూడా రావు.

జనరేటరు పది సెకన్లలో లోడు అందుకోవాలి. అది స్టార్టు కాకపోవడానికి అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యేది బ్యాటరీ. నెలకోసారి కనీసం అరగంట, సామర్థ్యంలో 30 శాతానికి తగ్గని నిజమైన లోడు మీద నడపాలి. లోడు లేకుండా తిప్పితే కాలని డీజిల్ పొగగొట్టంలో పేరుకుంటుంది, అవసరమైన రోజున ఇంజను దమ్ము చాలదు. మేడ మీద సోలార్ ఉంది కదా అనుకునేవారు ఒకటి గమనించాలి: బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలార్, కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైన్‌మ్యాన్ ప్రాణం కాపాడడానికి పెట్టిన నియమం అది. బిల్లు తగ్గించడానికే పనికొస్తుంది.

ఏసీ అక్కర్లేని చోటు

సాధారణ వార్డులకు, ఓపీకి ఏసీ పెట్టడం మాత్రం చాలాసార్లు అనవసరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సహజ గాలి వార్డులకు రోగికి సెకనుకు 60 లీటర్లు చాలన్నది. ఇరవై పడకల వార్డుకు అది గంటకు 4320 ఘనపు మీటర్లు. ఎదురెదురు కిటికీలు తెరిచిన పాతకాలపు ఎత్తైన వార్డుకు, కాస్త గాలి ఉంటే, ఇది కష్టం కాదు. ఆ కిటికీలు మూసి స్ప్లిట్ ఏసీలు పెట్టిన రోజు నుంచి, గుర్తించని ఒక్క క్షయ రోగి దగ్గు వార్డంతా రాత్రంతా తిరుగుతుంది. ఎండ సమస్యను కప్పు దగ్గరే ఆపాలి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఈ పనికే. కప్పు మీద తెల్ల పూత, పడమటి కిటికీలకు బయటి నీడ, 75 వాట్ల ఫ్యాను స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను. కప్పు పూతను ఏటా వానాకాలం అయ్యాక కడగాలి, దుమ్ము పట్టిన తెలుపు వేడిని తిప్పికొట్టదు.

కొత్త భవనాలకు చట్టం కూడా ఉంది. 100 కిలోవాట్ల లోడు దాటిన భవనాలకు ఇంధన పొదుపు భవన నియమావళి ఉంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లోనే దాన్ని తన నిబంధనల్లోకి తెచ్చుకుంది. కానీ ఆ నియమావళి ఒక్కటే చాలదు. కాంట్రాక్టరు దగ్గర భవనం తీసుకునే రోజున ఆసుపత్రి ఇంజనీరు స్వయంగా చేయించాల్సిన పరీక్షలు కొన్ని ఉంటాయి. ప్రతి ఓటీ తలుపు దగ్గర అగరువత్తి పొగ ఎటు పోతోందో చూడాలి. మెయిన్ కరెంటు ఆపి జనరేటరు ఎన్ని సెకన్లలో అందుకుందో గడియారం పెట్టి రాయాలి. ప్రధాన ఆక్సిజన్ మూసి మానిఫోల్డు దానంతట అది తెరుచుకుందో లేదో చూడాలి. ఇవి పగలు ఇంజనీర్లందరూ ఉండగా ఒకసారి, రోగులు చేరకముందే రాత్రి రెండు గంటలకు డ్యూటీ సిస్టరు, వార్డు బాయ్, సెక్యూరిటీ గార్డు మాత్రమే ఉండగా ఇంకోసారి చేయించాలి. రెండోసారి వార్డుకు ఆక్సిజన్ ఆపే జోన్ వాల్వు పెట్టె తాళంచెవి ఎక్కడుందని ఎవరైనా వెతుక్కుంటే, ఆ తాళం తీసేసి పగలగొట్టే అద్దం పెట్టించేదాకా ఐసీయూ తెరవకూడదు.